పలుకని కకారము



నేను ముప్పదియాఱు సంవత్సరములు బడిపంతులుగా నుండి విశ్రాంతి గొన్నవాడను. బాల్యమున శబ్దమంజరియు నమరమును వల్లించి, పిదప పొట్టకూటికై ఇంగ్లీషు నేర్చి, దానిని పిల్లలకు జెప్పితిని. ఈ పూట కె, ఎన్ అను జంట యక్షరములతో మొదలగు కొన్ని చిన్న ఇంగ్లీషు మాటలను గూర్చి చెప్పెదను. ఇంత చిన్న విషయమునకు రేడియో యేల యని మీకు దోపవచ్చును. నాకు మాత్ర మిందు నొక పాత బాకీ కలదు.

ఉద్యోగమున జేరిన క్రొత్తలో, ఆఱవ తరగతి చదువు రైతుబిడ్డ యొకడు పాఠము చదువుచు, మోకాలి నెఱిగించు మాటను 'కనీ' యనియు, చాకు నెఱిగించు మాటను 'కనైఫ్' అనియు పలికెను. తరగతి యంతయు గొల్లుమనెను. 'నీ', 'నైఫ్' అనవలెను, కె పలుకరాదు అని రెండుమారులు దిద్దితిని. మూడవమారును వాడట్లే చదివి, "పలకనిదాన్ని రాయడం ఎందుకండీ?" అని యడిగెను. నాయొద్ద సమాధానము లేదు, బెత్తము కలదు. ఆ మఱునాటినుండి వాడు ఇంగ్లీషు పాఠమున నోరు విప్పలేదు.

వాని ప్రశ్నకు సమాధానము చాల యేండ్లకు గ్రంథములలో దొరకినది. ఇంగ్లీషువారు పూర్వ మా కకారమును నిజముగా పలికెడివారు. వేయి సంవత్సరముల క్రిందట ముడిని 'క్నొట్ట' యనిరి, విన్నట్లు వ్రాసిరి. 1476లో విలియం కాక్స్‌టన్ అను నాతడు వెస్ట్‌మినిస్టరులో ముద్రణాలయమును నెలకొల్పెను. అచ్చుపుస్తకములు వ్యాపించినకొలది వర్ణక్రమము స్థిరపడెను గాని, మనుష్యుల నాలుక స్థిరపడలేదు. పదునేడవ శతాబ్దిలో ఆ కకారము మెల్లమెల్లగా నోటినుండి జారిపోయినది, కాగితముమీద నిలిచిపోయినది. దాయాదులగు జర్మనులు నేటికిని మోకాలిని 'క్నీ' యని స్పష్టముగా నందురు.

ఇది చూచి మనము నవ్వవలసిన పనిలేదు. జ్ఞానమని వ్రాసి గ్యానమనుచున్నాము. గుఱ్ఱములోని బండి ఱకారమును వేఱుగా పలుకువారు మనలో నెందఱు?

ఇక మా పిల్లవాడు నడుమ నొక యచ్చును జొనిపెను గదా, అదియు దోషము కాదు. రత్నమును రతన మనుటయు నిట్టిదే. మన శాస్త్రములందు దీనికి స్వరభక్తి యని పేరు. ప్రెంచివారు చాకుమాటను జర్మానిక భాషలనుండి యెరవు దెచ్చుకొని 'కనిఫ్' అని పలుకుచున్నారు. ఒక జాతి యంతయు జేసిన పనిని ఒక బాలుడు చేసినందులకు నేను వానిని దండించితిని.

ఈ కుటుంబములోని తక్కిన మాటలును చిన్నవే. 'నాట్' అనగా ముడి. 'నిట్' అనగా నూలును సూదులతో నల్లుట. తొలుత ముడివేయుటయే దాని యర్థము. 'నాక్' తలుపు తట్టుట, 'నీడ్' పిండి పిసుకుట, 'నోల్' చిన్న మిట్ట, 'నెల్' చనిపోయినవారికై మ్రోగించు గంట.

'నైట్', 'నేవ్' అను రెంటి కథ కొంచెము చిత్రమైనది. రెండును మొదట కుఱ్ఱవాడనియే చెప్పెడివి; పిదప సేవకుడైనది. ఒక సేవకుడు రాజుగారి గుఱ్ఱమెక్కి వీరుడై బిరుదందినాడు; రెండవవాడు చెడి మోసగాడైనాడు. 'నైట్' అను మాటయే జర్మనులలో 'క్నెఖ్ట్' అయి పాలేరుగానే మిగిలినది! రచ్చబండమీద పేకాడు పెద్దలకొక మాట: జాకీముక్కకు ఇంగ్లీషున పాతపేరు నేవ్. ముక్కల మూలలందు అక్షరములు అచ్చువేయ నారంభించిన పిమ్మట, నేవ్ కొఱకు వేసిన కె, ఎన్ అనునవి రాజు కొఱకు వేసిన కె తోడ కలగాపులగమగుచుండుటచే, జాకీ పేరే నిలిచినది.

పలుకని యక్షరమువలన లాభమును లేకపోలేదు. ఎఱుగుట యనుటకును 'నో', కాదనుటకును 'నో'. చెవికి రెండు నొకటియే. కంటికి మాత్రము కె యున్నది గనుక వేఱు.

ఈ ఎఱుగుటయు, మోకాలును మన కత్యంతము దగ్గఱి చుట్టములు. శ్రీరాముని ఆజానుబాహు వందుము: జానువులవఱకు, అనగా మోకాళ్లవఱకు చేతులు గలవాడని. ఆ జానువే లాటినున 'గెను', ఇంగ్లీషున 'నీ'. సంస్కృతమున జ్ఞా ధాతువు, ఇంగ్లీషున 'నో'. సంస్కృత, గ్రీకు, లాటిను భాషలకు మూల మొకటి యుండవచ్చునని 1786లో సర్ విలియం జోన్స్ కలకత్తాలో ప్రసంగించెను. ఆ మూలభాషయందలి గకారమువంటి ధ్వని మనకు జకారమైనది, జర్మానిక భాషలవారికి కకారమైనది. వారివైపు జరిగిన మార్పునకు జర్మనీ పండితుడు జాకోబ్ గ్రిమ్ 1822లో సూత్రము కట్టెను. కనుక ఆ కకారము మన జకారమునకు తోబుట్టువు. అయితే ఇంగ్లీషు సంస్కృతమునకు పుట్టినదని యనరాదు; రెండు నొకతల్లి బిడ్డలు. ఈ జంటతో మొదలగు ప్రతి మాటకును సంస్కృతమున జోడు వెదకుటయు పొరపాటే.

నిరుడు సంతలో ఆ పిల్లవాడు కనబడినాడు. ఇప్పు డాతనికి మనుమరాలు కలదు. ఇది యంతయు నాతనికి జెప్పితిని. శ్రద్ధగా విని, "అయితే మా మనవరాలు ఆ కె పలకొచ్చాండీ, మాస్టారూ?" అనెను. పలుకరాదు, వ్రాయవలెను అంటిని. ఎందుకని యడిగినచో జెప్పుటకు ఇప్పుడు సమాధాన మాతనియొద్ద నున్నది.