నలభైల్లో ఈత

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)

రెండు రోజులుగా కనీస వేతనాల మీదా గృహహింస కేసుల మీదా మాట్లాడుకుంటున్న చోట నేను ఈత గురించి మాట్లాడతానంటే మీలో కొందరు నవ్వారు. మన లెక్కలో ఈత అంటే క్లబ్బుల్లో డబ్బున్నవాళ్ళ కాలక్షేపం, లేదా మగపిల్లల అల్లరి. లోతు నీళ్ళతో ఆడవాళ్ళకి మన భాష కట్టిపెట్టిన సంబంధం ఒక్కటే, "నుయ్యో గొయ్యో చూసుకుంటాను" అనడం. నూతిలో నీళ్ళు తోడింది మనం, రేవులో బట్టలుతికింది మనం. ఈత కొట్టింది మాత్రం మన అన్నదమ్ములు. సొరబుర్రో, బెండో, ఆ తర్వాత లారీ ట్యూబో నడుముకి కట్టి వాళ్ళని బాబాయిలు బావిలోకి దింపారు. ఆడపిల్ల మోకాలి లోతు దాటితే గట్టుమీంచి కేక వచ్చేది.

ఆడవాళ్ళందరినీ నీళ్ళు ఒకేలా దూరం పెట్టాయని నేననను. 1927లో మహద్ చెరువు నీళ్ళు తాగడానికి అంబేద్కర్ సత్యాగ్రహం చెయ్యాల్సి వచ్చింది. 1985లో కారంచేడు గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గరే. చెంబెడు నీళ్ళ కోసం పోరాడాల్సి వచ్చిన స్త్రీని ఈతకెందుకు రాలేదని అడిగే ముందు మనం కొంచెం ఆలోచించుకోవాలి.

అయినా ఇది ప్రాణానికి సంబంధించిన విషయం. 2004 డిసెంబరు సునామీ తర్వాత, 2005లో ఆక్స్‌ఫామ్ సంస్థ ఒక నివేదిక వేసింది. తమిళనాడు కడలూరులో చనిపోయినవాళ్ళలో స్త్రీలు పురుషులకు దాదాపు మూడు రెట్లని అందులో ఉంది. మగవాళ్ళు చాలామంది సముద్రంలో వేట మీద ఉన్నారు, ఆడవాళ్ళు ఒడ్డున చేపల కోసం ఎదురుచూస్తున్నారు. పిల్లల్ని వదిలి పరుగెత్తలేకపోయారు. శ్రీలంకలో ఈతా చెట్లెక్కడమూ ఎక్కువగా మగపిల్లలకే నేర్పడం కూడా ఒక కారణమని ఆ నివేదికే చెప్పింది. అంత పెద్ద అల ముందు ఈత ఎంతవరకు పనికొస్తుందని మీరడగవచ్చు. కానీ మనకి ప్రతి ఏడూ వచ్చేవి సునామీలు కావు. వాగులూ, కాలవలూ, నిండిన చెరువులూ.

"నలభై దాటాయి, ఇప్పుడేం వస్తుంది? నీళ్ళంటే భయం" అంటారు. నేను రెండేళ్ళుగా ఒక కొలనులో ఆడవాళ్ళ బ్యాచ్‌తో ఈదుతున్నాను, వాళ్ళతో మాట్లాడుతున్నాను. భయం స్వభావంలో ఉందని నాకనిపించలేదు. నేర్పే పద్ధతిలోనే ఏదో పోతోంది. కోచ్‌లు మొదటిరోజే కాళ్ళూ చేతులూ ఆడించమంటారు. పెద్దవయసులో వచ్చినవాళ్ళకి ముందు నేర్పాల్సింది నీళ్ళలో తిరిగి నిలబడడం. బోర్లా తేలుతున్నప్పుడు మోకాళ్ళు కడుపు దగ్గరికి లాక్కుని, రెండు అరచేతులతో నీళ్ళని కిందికి నొక్కి, తల ఎత్తితే పాదాలు వాటంతటవే నేలకి ఆనతాయి. నడుము లోతులో పదిసార్లు ఇది చేసిన మనిషి గోడ వదిలేస్తుంది. ఎప్పుడంటే అప్పుడు నిలబడగలనని తెలియనంతకాలం ఎవరు మాత్రం వదులుతారు?

తర్వాత ఊపిరి. మనందరం తల ముంచగానే ఊపిరి బిగబడతాం. (బిగబట్టుకుని బతకడం మనకి అలవాటే, అది వేరే సంగతి.) లోపల బొగ్గుపులుసు వాయువు పెరిగి, ఉక్కిరిబిక్కిరై, తల పైకెత్తినప్పుడు ఒకేసారి వదలాలి, పీల్చాలి. రెండింటికీ వ్యవధి చాలదు. ముఖం నీళ్ళలో ఉన్నంతసేపూ ముక్కుతో, నోటితో బుడగలు బుడగలుగా వదులుతూ ఉంటే, పైకి వచ్చినప్పుడు పీల్చడమొక్కటే మిగులుతుంది. ఒక గడుసు బ్యాంకు ఉద్యోగిని నెలరోజులు అయిదు గజాలు దాటలేక, బుడగలు వదలడం పట్టుబడిన వారంలో కొలను ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్ళిపోయింది.

కాళ్ళు మునిగిపోతున్నాయని అందరూ చెప్పే ఫిర్యాదు. శరీరం నీళ్ళలో తక్కెడ లాంటిది. తల లేపితే కాళ్ళు దిగుతాయి. ముందుకు కాకుండా అడుగున నేలను చూడాలి. గాలి పీల్చడానికి తల ఎత్తకుండా, ఒళ్ళంతా పక్కకి తిప్పి, ఒక చెవి నీళ్ళలోనే ఉంచాలి. కాళ్ళు సైకిలు తొక్కినట్టు మోకాలి నుంచి కాకుండా తుంటి నుంచి కదలాలి. ఇంకో మాట, స్త్రీల తుంటికీ తొడలకీ ఉన్న కొవ్వు తేలడానికి సాయం చేస్తుంది. సగటున మన కాళ్ళు మగవాళ్ళ కాళ్ళకన్నా సులువుగా పైన నిలుస్తాయి. బయట ఎగతాళికి గురయ్యే ఒళ్ళు నీళ్ళలో పనికొస్తుంది.

ఇక సాధన. ఆదివారం రెండు గంటలు రొప్పేకన్నా వారానికి మూడుసార్లు అరగంట మేలు. కొలను ఒక పొడవు ఈది, ఊపిరి కుదుటపడేదాకా ఆగి, మళ్ళీ ఇంకొకటి. గడియారం చూడకండి. ఒక పొడవుకి చేతులు ఎన్నిసార్లు వేశారో లెక్కపెట్టుకోండి. అలసిపోకుండా ఆ లెక్క తగ్గుతుంటే ఈత మెరుగవుతున్నట్టే. నలభై దాటినవాళ్ళలో భుజాలు పట్టేసినవాళ్ళు చాలామంది ఉంటారు. నొప్పి ఉన్న చేతిని బలవంతంగా తిప్పవద్దు. ముట్లుడిగే వయసులో ఎముకల బలానికి ఈతొక్కటే చాలదు, నడక, బరువులెత్తడం కూడా ఉండాలి.

ఇవన్నీ ఎవరికైనా పనికొచ్చేవే. మరి స్త్రీలకి ఎందుకు అందడంలేదు? ఒలింపిక్స్‌లో మగవాళ్ళ 1500 మీటర్ల ఈత 1908 నుంచీ ఉంది. ఆడవాళ్ళకి అదే దూరం 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో గానీ పెట్టలేదు. ఇంగ్లిష్ ఛానల్‌ని అప్పటిదాకా ఈదిన మగవాళ్ళందరికన్నా త్వరగా గెర్ట్రూడ్ ఎడర్లీ ఈదింది 1926లో. కలకత్తా అమ్మాయి ఆరతీ సాహా ఆసియా స్త్రీలలో మొదటగా దాన్ని దాటింది 1959లో. అయినా ఓపిక చాలదన్న మాట పోవడానికి అంతకాలం పట్టింది.

మన ఊళ్ళలో ఆ మాట వేళల రూపంలో ఉంటుంది. నేను వెళ్ళే చోట ఆడవాళ్ళకి ఇచ్చింది పగలు పదకొండు నుంచి పన్నెండు. ఆ గంటకి టీచరు రాగలదా, కూలి మనిషి రాగలదా, అంగన్‌వాడీ కార్యకర్త రాగలదా? వచ్చేది పదిమందే కనక బ్యాచ్ ఎత్తేద్దామన్న మాట అప్పుడే వినిపిస్తోంది. వెల్లకిలా తేలడం నేర్పాలంటే వీపు కింద ఒక అరచెయ్యి ఉండాలి. అక్కడున్నది మగ కోచ్. ఆయన మర్యాదస్తుడే, గట్టు మీద నిలబడి నోటితో చెబుతాడు. ఆడ శిక్షకురాలు ఉంటే రెండు నిమిషాల్లో అయ్యేది రెండు వారాలు పడుతోంది. బట్టల సంగతి దీనికన్నా చిన్నది. నూలు సల్వారు నీళ్ళు పీల్చి కిందికి లాగుతుంది, ఒళ్ళంతా కప్పే నైలాను సూట్లు దొరుకుతున్నాయి. గది తలుపుకి గడియ లేకపోవడమే పెద్ద సంగతి.

ఒక హెచ్చరిక. కొలనులో ఈత వచ్చింది కదా అని మునుగుతున్న మనిషి కోసం కాలవలోకి దూకకండి. అందించగలిగింది అందించండి. 2020 ఆగస్టులో తమిళనాడు పెరంబలూరు జిల్లా కొట్టరై ఆనకట్ట దగ్గర ముగ్గురు స్త్రీలు తమ చీరలు విప్పి నీళ్ళలోకి విసిరి ఇద్దరు యువకులను బయటికి లాగారు. ఇంకో ఇద్దరు దక్కలేదు. నలుగురూ చూస్తారని ఆ ముగ్గురూ ఆగలేదు.

వచ్చే సమావేశానికి మీరందరూ ఒక పని చేసుకురండి. మీ పట్నంలో మునిసిపాలిటీ కొలను ఉంటే దాని గేటు మీది వేళలు, రుసుము, ఆడ శిక్షకురాలు ఉందా లేదా, గదికి గడియ ఉందా లేదా రాసుకురండి. లేని ఊరివాళ్ళు ఆడపిల్లల హాస్టల్ పక్కన ఏ చెరువు ఉందో, అందులో ఎవరు ఈదుతున్నారో చూసి రండి. సాయంత్రం ఆరు నుంచి ఏడు, ఆదివారం పొద్దున్న అని అడుగుతూ అర్జీ ముసాయిదా నేను రాసి తెస్తాను.