మనం కూర్చున్నా మెదడు కూర్చోదు
(సోలాపూర్ గేటు సభలో యూనియన్ కార్యదర్శి ప్రసంగ పాఠం)



భోజనానికిచ్చే అరగంటను ఇరవై నిమిషాలకు కుదించాలని ఒక యాజమాన్యం అడుగుతోంది. "తిన్నాక ఎలాగూ ఖాళీగానే కూర్చుంటారు కదా" అన్నారట. ఆ "ఖాళీగా" అన్న మాట మీదనే ఇవాళ నాలుగు ముక్కలు చెప్పదలిచాం.

మనిషి బరువులో మెదడు నూటికి 2 పాళ్లే. ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో మాత్రం దాదాపు 20 పాళ్లు అదే తీసుకుంటుంది. ఊరికే కూర్చున్నా ఆ ఖర్చు ఆగదు. ఏదైనా పని మీద మనసు పెడితే అదనంగా పెరిగేది సాధారణంగా నూటికి 5 పాళ్లలోపే.

1995లో అమెరికాలోని మిల్వాకీలో భరత్ బిస్వాల్, ఆయన తోటివారు మనుషులను స్కానింగ్ మిషనులో కదలకుండా పడుకోబెట్టి చూశారు. వేలు కూడా కదపలేదు. అయినా ఎడమ చేతిని ఆడించే మెదడు భాగమూ, కుడి చేతిని ఆడించే భాగమూ ఒకే లయలో నెమ్మదిగా ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి. 2001లో సెయింట్ లూయిస్‌లో మార్కస్ రైకల్ బృందం ఇంకో సంగతి చెప్పింది. మెదడులో కొన్ని భాగాలు పనిలో పడితే తగ్గుతాయి, విశ్రాంతిలో పుంజుకుంటాయి. జరిగినదాన్ని తలుచుకునేటప్పుడు, రేపటి సంగతి ఆలోచించేటప్పుడు కూడా పనిచేసేవి ఆ భాగాలే. చెట్టుకింద కూర్చుని పిల్లల ఫీజు గురించి ఆలోచించే మనిషి తల ఖాళీగా ఉందని ఎవరనగలరు?

మరి ఈ భాగాల్లో ఏది దేన్ని నడుపుతోంది? పాత మిల్లుల్లో ఒకే షాఫ్టుకు పట్టాలు వేసి వరసంతా మగ్గాలు నడిపేవారు. రెండు మగ్గాలు కలిసి ఆడుతున్నాయంటే ఒకటి రెండోదాన్ని తిప్పుతోందని కాదు. రెంటినీ తిప్పేది షాఫ్టు. మెదడులోనూ అదే చిక్కు. దీన్ని విడదీసే లెక్క ఒకటి లండన్‌లో కార్ల్ ఫ్రిస్టన్ బృందం 2003లో కట్టింది. తర్వాత విశ్రాంతిలో ఉన్న మెదడుకూ దాన్ని వర్తింపజేశారు. ఒక భాగం మరోదాన్ని ఎగదోస్తుంది, ఇంకోటి అణిచిపెడుతుంది. ప్రభావం రెండు వైపులా పోవచ్చు. ఇది కంటితో చూసింది కాదు, లెక్క మీద వేసిన అంచనా.

మిత్రులారా, ఉన్నదాన్ని సాగదీసి చెప్పడం మన పద్ధతి కాదు. ముప్పై నిమిషాలే కావాలని ఈ పరిశోధనలు ఎక్కడా చెప్పలేదు. ఆ అరగంట వచ్చింది ప్రయోగశాల నుంచి కాదు, కార్మికుల పోరాటాల నుంచి. 5 గంటలకు మించి ఏకబిగిన పని చేయించరాదని, మధ్యలో కనీసం అరగంట విరామం ఇవ్వాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాయించుకున్నాం. శాస్త్రం చెప్పేది ఒక్కటే: విశ్రాంతిలో ఉన్న మనిషి ఆగిపోయిన మగ్గం కాదు.

కనుక మేము కోరేది ఇది. విరామం తగ్గించే కాగితం ఏది వచ్చినా ఎవరూ విడిగా సంతకం పెట్టవద్దు. ముందు కమిటీకి తెచ్చి చూపండి. అరగంట నిండా తీసుకోండి. మగ్గం పక్కన నిలబడి కాదు, చప్పుడుకు దూరంగా వెళ్లి కూర్చుని తినండి. ఖాళీగా ఉన్నావేమని ఎవరైనా అడిగితే, ఇందాక చెప్పుకున్న లెక్క చెప్పండి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!