పాత పడవను కొనుటకు ముందు

కుండ కొనువారు దానిని వ్రేలితో తట్టి చూచి గాని కొనరు. ఖంగుమని పలికినచో మంచి కుండ. బొంగురుగా పలికినచో ఎక్కడనో బీట కలదని అర్థము. కంటికి అందని దోషమును చెవి పట్టుకొనును. మాది చెవికి పని కల్పించు వృత్తి కనుక ఈ సామాన్య పరీక్షయందు మాకు మొదటినుండియు గౌరవము. కొంతకాలము క్రిందట ఇంగ్లండు దక్షిణ తీరమున, హాంబుల్ నది ఒడ్డున, 32 అడుగుల తెరచాప పడవ నొకదానిని నీటినుండి పైకెత్తి నిలిపియుండగా, ఒక పెద్దమనిషి చిన్న సుత్తితో దానిని అంగుళమంగుళము తట్టుచు చెవియొగ్గి వినుచుండుట చూచితిమి. మాకు వెంటనే మన ఊళ్ల కుమ్మరివీధి జ్ఞప్తికి వచ్చినది. ఆ పడవను గూర్చియే నేటి మా ప్రసంగము.

మా మిత్రులొకరు తాళ్ళరేవున పుట్టినవారు. కోరంగి, తాళ్ళరేవు ప్రాంతములు కొయ్య ఓడల నిర్మాణమునకు పేరు పొందినవని శ్రోతలకు తెలియును. ఆ వడ్రంగుల ఉలిచప్పుడు నడుమ పెరిగిన ఈ మిత్రులు ఉద్యోగరీత్యా సౌతాంప్టను చేరి, అచ్చటనే స్థిరపడి, పదవీ విరమణ చేసిరి. భార్యతో కూడి సొంత పడవలో బిస్కే అఖాతము దాటి పోర్చుగల్ వరకు పోవలెనని వారి చిరకాల వాంఛ. క్రొత్త పడవ వారికి అందని పండు. 1970 ప్రాంతమున కట్టిన పడవ యొకటి అమ్మకమునకు వచ్చినది. దానికే వారు కూడబెట్టుకొన్న సొమ్ములో సగము పోవును. చూడబోవుచు, "మీరును రండి, నాకు మోజు ఎక్కువ, మీకు అనుమానము ఎక్కువ" అని మమ్ము వెంటబెట్టుకొనిపోయిరి.

పాతది అన్నంతనే పనికిరానిదని తలచుట పొరపాటు. సర్ రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ ఎచ్చటను ఆగక, ఒంటరిగా, భూగోళమును చుట్టివచ్చిన తొలి నావికుడు. 1968 జూన్ 14న ఫాల్మౌత్ రేవును విడిచి, 312 దినముల పిమ్మట 1969 ఏప్రిల్ 22న అచ్చటికే తిరిగి చేరెను. ఆయన నడపిన 'సుహైలీ' 32 అడుగుల పడవ. మన బొంబాయిలో మన టేకుతో కట్టినది. దారిలో కీల్ చెంతనున్న అతుకు కారజొచ్చెను. ఆయన సముద్రములోనికి దూకి, నీటి అడుగున ఆ అతుకును పూడ్చవలసి వచ్చెను. ఆ పడవయే అర్ధశతాబ్ది గడచిన తరువాత, 2018 జూన్‌లో, ఫాల్మౌత్ వేడుకలో మరల తెరచాప ఎత్తినది. అదే సంవత్సరము ఆ యాత్ర జ్ఞాపకార్థము జరిపిన గోల్డెన్ గ్లోబ్ పందెములో 1988కి పూర్వపు నమూనా పడవలనే అనుమతించిరి. ఆ పందెము 2022లో మరల జరుగగా, మన నౌకాదళమున పనిచేసిన అభిలాష్ టోమీ అట్టి పాత నమూనా పడవపైననే 2023 ఏప్రిల్‌లో రెండవ స్థానమున గమ్యము చేరెను. కనుక వయస్సు దోషము కాదు. ఆ వయస్సు ఎట్లు గడచినదన్నదే ప్రశ్న.

మేము చూచిన పడవ కొయ్యది కాదు, గాజునారను జిగురుతో కలిపి పోసినది. ఫైబర్‌గ్లాసు అని వాడుక. ఇది చెదపట్టదు, తుప్పుపట్టదు. అయినను దీనికిని ఒక జబ్బు కలదు. ఏండ్ల తరబడి నీటిలో నున్నప్పుడు తేమ లోనికి ఇంకి, లోపలి రసాయనములతో కలిసి ద్రవమై, పైపూతను పొక్కులుగా పొంగించును. ఆరబెట్టిన కొలది కొన్ని పొక్కులు అణగిపోవును. అందుచేత పడవను పైకెత్తిన వెంటనే చూడవలెను. సుత్తి పరీక్ష లోపలి పొరలు విడిపోయినవో లేదో తెలుపును. గట్టి చోట శబ్దము కరకుగా, స్పష్టముగా వచ్చును. విడిన చోట మెత్తగా, మందముగా వచ్చును. సుత్తి పట్టిన ఆ పెద్దమనిషి మా మిత్రులు తమ సొమ్ముతో నియమించుకొన్న సర్వేయరు. ఇది ముఖ్యము. అమ్మువాడు చూపిన నివేదిక ఎంత ముచ్చటగా నున్నను, కొనువాడు తన మనిషిని తాను తెచ్చుకొనవలెను.

డెక్కుపై నడచినప్పుడు ఒకచోట మా పాదము క్రింద నేల కొంచెము దిగినట్లనిపించినది. అట్టి డెక్కులలో పలుచని గాజునార పొరలు రెంటి నడుమ తేలికయైన బాల్సా కొయ్యను ఇమిడ్చి కట్టుదురు. పైన బిగించిన ప్రతి మేకు, ప్రతి మర ఒక రంధ్రము. ఏ రంధ్రపు పూత చెడినను నీరు లోనికి చేరి కొయ్యను కుళ్లబెట్టును. పైకి రంగు నిగనిగలాడుచునే యుండును. దీనిని బాగుచేయుట సాధ్యమే గాని కూలి అధికము.

పిమ్మట తెరచాప స్తంభమును నిలబెట్టు ఉక్కు తీగత్రాళ్లు. తుప్పుపట్టని ఉక్కు అని పేరు గాని, ఆ పేరు సగము మాత్రమే నిజము. గాలి తగులక తడి నిలుచు చోట అదియు లోలోపల తినివేయబడును. తీగత్రాటి కొనలు బిగించిన గొట్టములలోను, డెక్కును దూరి లోనికి పోవు ఉక్కు పట్టీలలోను ఈ చేటు దాగియుండును. పది పదునైదేండ్లకు ఒకమారు ఈ త్రాళ్లను మార్చుట వాడుక. అమ్మువారిని ఎప్పుడు మార్చితిరని అడుగుట చాలదు, రసీదు చూపుమనవలెను. ఈ పడవకు రసీదు లేకుండెను. ఒక పట్టీ వద్ద తుప్పుచార మాత్రము ఉండెను.

నీటిమట్టము క్రింద పడవకు కొన్ని రంధ్రములు ఉండును. ఇంజను చల్లబరచుటకు ఒకటి, మరుగుదొడ్డికి ఒకటి, ఇట్లు. ప్రతిదానికిని ఒక కవాటము. కంచు కవాటము చిరకాలము నిలుచును. ఇత్తడిదైనచో ఉప్పునీట అందలి జింకు కరగిపోయి, గులాబిరంగు తేలి, తుదకు బిస్కత్తు వలె విరిగిపోవచ్చును. ప్రతి కవాటమును చేతితో త్రిప్పి చూడవలెను. తిరుగని కవాటము ఆపదవేళ ఉన్నను లేనట్లే.

ఇంజను విషయమున మిత్రులు మాకొక చిట్కా చెప్పిరి. చేరగనే దానిపై చేయి ఉంచి చూచిరి. వెచ్చగా నుండెను. వచ్చు ముందే దానిని వేడిచేసియుంచిరన్నమాట. చల్లని డీజిలు ఇంజను మొదటి పట్టున అందుకొనుటయే దాని ఆరోగ్యమునకు గుర్తు. పొగయు మాటలాడును. నీలిపొగ నూనె మండుచున్నదని చెప్పును. నల్లపొగ భారము మిక్కుటమనియో ఇంధనము సరిగా మండుటలేదనియో చెప్పును. తెల్లపొగ ఆగక వచ్చినచో నీటినిగాని మండని ఇంధనమునుగాని శంకింపవలెను. నూనె పాలవలె తెల్లబడియున్నచో అందు నీరు చేరినదన్నమాట.

కాని అన్నిటిని మించి, మా గుండె ఝల్లుమన్నది కీల్ వద్ద. పడవ ఒరగినను తిరిగి లేచి నిలుచుటకు అడుగున వ్రేలాడు ఇనుప బరువే కీల్. దానిని పెద్ద మరలతో పడవకు బిగింతురు. ఆ అతుకు ముందంచున సన్నని చీలిక కనబడెను. పెదవులు విడిన నవ్వువలె నుండుట చేత నావికులు దానిని నవ్వు అనియే పిలుతురు. ఆ నవ్వునుండి తుప్పునీరు కారిన చార ఒకటి కలదు. అంతమాత్రమున కీల్ వదులైనదని చెప్పరాదు. పైపూత మాత్రమే పగిలియుండవచ్చును. కాని లోపల మరల తలలు కనబడవలసిన చోట అప్పుడే వేసిన తెల్లరంగు తళతళలాడుచుండెను. సర్వేయరు దానిని చూచి చాలసేపు మాటలాడలేదు.

2014 మే నెలలో 'చీకీ రఫీకీ' అను పడవ అట్లాంటికు నడుమ కీల్ ఊడిపోయి తలక్రిందులైనది. నలుగురు నావికులు ప్రాణములు కోల్పోయిరి. అది 2006లో కట్టినది, ఎనిమిదేండ్ల పడవ మాత్రమే. మునుపు పలుమారులు అడుగు నేలను తాకుటయు, ఆపై జరిగిన మరమ్మతులును కీల్ పట్టును బలహీనపరచియుండవచ్చునని బ్రిటిషు దర్యాప్తు సంస్థ అభిప్రాయపడెను. అందుచేత ఏ పడవను గూర్చియైనను అడుగవలసిన మొదటి ప్రశ్న ఇది: ఇది ఎన్నడైనను నేలను ఢీకొన్నదా?

మిత్రులు అదే అడిగిరి. "నాకు తెలిసినంతవరకు లేదండి" అని అమ్మువారు నేల చూచుచు చెప్పిరి. ఒక మరను ఊడదీయించి చూపుడని మిత్రులు కోరిరి. అమ్మువారు అంగీకరింపలేదు. మధ్యవర్తి మమ్ము ప్రక్కకు పిలిచి, రేపు మరొక గిరాకీ రానున్నదనియు, ధర కొంత తగ్గింపవచ్చుననియు చెప్పెను. ధర తగ్గునన్న మాట విని మేము కూడ ఒక్క నిమిషము లోబడితిమి. ఇచ్చట పడవవారి లెక్క యొకటి చెప్పవలెను. ఏటేటి పోషణకు పడవ ధరలో పదవవంతు కావలెనందురు. పాత పడవకు ఈ లెక్క సరిపడదు. త్రాళ్లు, తెరచాపలు, రంగు, ఇవన్నియు పడవ పొడవును బట్టి ఖర్చగును గాని, మనము కొన్న ధరను బట్టి కాదు. చౌకగా కొన్నంత మాత్రమున ఏదియు చౌకగా బాగుపడదు.

పత్రములను గూర్చి ఒక్క మాట. బ్రిటనులో చిన్న పడవలకై యున్న రిజిస్టరు మూడవ భాగమున పేరు నమోదైనంత మాత్రమున యాజమాన్యము రుజువు కాదు. మొదటి భాగమున నమోదైనచో హక్కును, తాకట్టును తెలియును. కనుక వెనుకటి అమ్మకపు పత్రములన్నియు వరుసగా చూడవలెను. మా మిత్రులు బయానా ఇచ్చునప్పుడే, సర్వే తృప్తికరముగా లేనిచో సొమ్ము తిరిగి ఇవ్వవలెనని వ్రాయించుకొనియుండిరి. ఆ ఒక్క వాక్యమే వారిని కాపాడినది.

మరునాడు వారు ఆ పడవను వద్దనుకొనిరి. బయానా తిరిగి వచ్చినది. సర్వేయరు రుసుమును, పైకెత్తిన ఖర్చును మాత్రము పోయినవి. తిరిగి వచ్చు దారిలో మిత్రులు మౌనముగా నుండిరి. ఆ పడవకు అప్పటికే మనస్సులో పేరు కూడ పెట్టుకొనియుండిరని మాకు తెలియును. ఇంటికి చేరిన పిమ్మట కొంచెము నొచ్చుకొనుచు, ఖర్చంతయు వృథా అయినదనిరి. వారి భార్య కాఫీ అందించుచు, "పడవ పోతే పోనీయండి, మీరు మిగిలితిరి గదా" అనెను. అంతకు మించిన నివేదికను ఏ సర్వేయరును వ్రాయలేడు.

శ్రోతలలో పడవ కొనువారు అరుదు. కాని పాత ఇల్లో, పాత కారో, పాత యంత్రమో కొనని వారు అరుదు. ఎవరి మోజు వారిది. మోజు లేనిదే ఎవరును సముద్రమునకు పోరు. అయితే క్రొత్తరంగు వేసిన చోటనే ముందుగా తట్టి చూడవలెను. అడిగిన ప్రశ్నకు జవాబు రానిచో, ఆ మౌనమునే జవాబుగా తీసికొనవలెను. మా మిత్రులు ఇప్పటికిని వెదకుచునే యున్నారు. వారి సంచిలో ఇప్పుడు సొంత సుత్తి యొకటి ఉన్నది.