పార్లమెంటు పద్దులో మన ప్రశ్న



బడ్జెట్ వెలువడగానే మనం మైనారిటీ వ్యవహారాల శాఖ పద్దును మాత్రమే వెదుకుతాం. అదే బడ్జెట్‌లో లోక్‌సభకూ రాజ్యసభకూ వేర్వేరు పద్దులుంటాయి. వాటిపై మన దృష్టి నిలవదు. ఎంపీల జీతం లక్షా 24 వేలకు పెరిగిందని చదివి, నాలుగు మాటలనుకొని ఊరుకుంటాం. ఆ సొమ్ము జీతాలకే కాదు, సభ్యుల ప్రశ్నలు స్వీకరించే సచివాలయానికీ, స్థాయీ సంఘాలకూ, సభలోని ప్రతి మాటనూ నమోదు చేసే సిబ్బందికీ ఖర్చవుతుంది.

ఆ సచివాలయం ప్రభుత్వం చేతికింద ఉండరాదన్న పట్టుదల స్వాతంత్ర్యానికి పూర్వమే మొదలైంది. కేంద్ర శాసనసభ అధ్యక్షులైన విఠల్‌భాయ్ పటేల్ బ్రిటిష్ పాలకులతో పోరాడి 1929 జనవరిలో సభకు ప్రత్యేక విభాగాన్ని సాధించారు. రాజ్యాంగంలోని 98వ అధికరణం దానినే స్థిరపరచింది. స్పీకర్, డిప్యూటీ స్పీకర్ల జీతభత్యాలు నేరుగా సంచిత నిధి నుంచి అందుతాయి. వాటిపై చర్చించవచ్చు గాని ఓటింగ్ ఉండదు. అధికారపక్షం అలిగి స్పీకర్ జీతం ఆపే అవకాశం ఉండరాదు గదా! ఇంత రక్షణ ఉన్నా 17వ లోక్‌సభ డిప్యూటీ స్పీకర్ లేకుండానే ఐదేళ్లూ గడిపింది. జీతానికి పూచీ ఉంది, కుర్చీలో మనిషి లేడు.

సభ నడిపే వేళలూ మనకు పట్టనివి కావు. రాజ్యసభలో శుక్రవారం భోజన విరామం జుమా నమాజు దృష్ట్యా రెండున్నర వరకు ఉండేది. అది ఎప్పుడు మారిందని 2023 డిసెంబరులో డీఎంకే సభ్యులు తిరుచ్చి శివ అడిగారు. లోక్‌సభ వేళకు సమానంగా రెండు గంటలకు మార్చామని నాటి చైర్మన్ జగదీప్ ధన్‌ఖర్ బదులిచ్చారు. అందుకు ఏ చట్టాన్నీ సవరించనక్కరలేకపోయింది.

ఇక అసలు విషయం. మన శాఖకు 2022-23 బడ్జెట్‌లో 5,020.50 కోట్లు చూపారు. మరుసటి ఏడాది 3,097.60 కోట్లకు కుదించారు. ఇంత కోతకు మంత్రి సభలో సంజాయిషీ చెప్పవలసింది. కాని 2023 మార్చి 23న గందరగోళం మధ్య అన్ని శాఖల పద్దులనూ లోక్‌సభ చర్చ లేకుండా ఒక్కసారిగా ఆమోదించింది. దీనినే గిలెటిన్ అంటారు. పేరుకు తగినట్టే ఉంది.

చర్చ దక్కనప్పుడు మిగిలేది ప్రశ్న. మౌలానా ఆజాద్ ఫెలోషిప్ నిలిపివేత 2022 డిసెంబరులో వెల్లడైంది లోక్‌సభలో ఒక సభ్యుని ప్రశ్నకు మంత్రి ఇచ్చిన జవాబులోనే. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలకూ, 230 రాతపూర్వక ప్రశ్నలకూ చోటుంది. నోటీసు కనీసం 15 రోజులు ముందుండాలి, పైగా లాటరీలో నెగ్గాలి. కనుక సమావేశాలు మొదలయ్యాక వినతిపత్రం పట్టుకొని ఢిల్లీ వెళ్లి లాభం లేదు. రెండు తెలుగు రాష్ట్రాలకు 42 మంది లోక్‌సభ సభ్యులున్నారు. వారు ఏ పార్టీవారైనా సరే, పథకం పేరు, సంవత్సరం, జిల్లా స్పష్టంగా రాసి ముందే అందజేద్దాం. కేటాయింపుతోపాటు విడుదలనూ, ఖర్చునూ అడగమందాం. జవాబు సభ రికార్డులో నిలుస్తుంది. రేపు కోర్టుకెళ్లినా, పత్రికలకు రాసినా అదే ఆధారం.

ఈ సభ ముగిశాక ఇక్కడే కూర్చొని మొదటి ప్రశ్న రాద్దాం: ప్రీ మెట్రిక్ ఉపకార వేతనాన్ని 9, 10 తరగతులకే పరిమితం చేశాక, మన జిల్లాలో ఒకటి నుంచి ఎనిమిది వరకు చదివే పిల్లలలో ఎందరికి అది ఆగిపోయింది?