బకెట్ నీళ్లలో నేర్చిన లెక్క
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

రెండు మాటలు చెప్పమన్నారు. నాకు ఉపన్యాసాలు రావు. మాధవరం బడి వరండాలో చూసిన ఒక బకెట్ నీళ్ల సంగతి చెప్తాను.

1980ల మొదట్లో మన ల్యాబంటే ఒక చెక్క బీరువా. సైన్సు మాస్టారు ఒకరోజు బకెట్ నిండా నీళ్లు పెట్టించి, "ఏది తేలుతుందో, ఏది మునుగుతుందో ముందు రాయండి, తర్వాత వేసి చూడండి" అన్నారు. "బరువైనవి మునుగుతాయి సార్!" అని అందరికంటే ముందు అరిచాను. ఆయన నవ్వి, ఒక వేపమొద్దు, ఒక ఇనుప మేకు వేశారు. మొద్దు తేలింది, మేకు మునిగింది.

తర్వాత కోడిగుడ్డు. మంచినీళ్లలో మునిగింది. ఉప్పు కలుపుతూ పోతే మెల్లగా పైకి లేచింది. గుడ్డు మారలేదు, నీళ్లు మారాయి. వరి విత్తనాలను ఉప్పునీళ్లలో వేసి, తేలిన తాలును తీసేసే రైతు చేసేది ఇదే పని. ఘన సెంటీమీటరు నీరు 1 గ్రాము, శెనగనూనె సుమారు 0.91, ఇనుము 7.8. ఈ లెక్క పేరే సాంద్రత.

"మరి ఇనుప ఓడ ఎలా తేలుతుంది?" అని ఒకడు అడిగాడు. మాస్టారు తుంగభద్రలో తిరిగే పుట్టిని గుర్తుచేశారు. పుట్టి లోపలున్న గాలి కూడా లెక్కలోకి వస్తుంది. అది పక్కకు నెట్టిన నీళ్ల బరువెంతో, నీరు దాన్ని అంత బలంతో పైకి నెడుతుంది. ఆర్కిమిడీస్ రెండు వేల ఏళ్ల కిందట చెప్పింది ఇదే.

పరీక్షలో ఈ ప్రశ్నకు పూర్తి మార్కులు తెచ్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో అదే ప్రశ్నలో తప్పాను. నల్లరేగడి నేలలో నీళ్ల తొట్టి కట్టిస్తున్నాం. పొడవు 4 మీటర్లు, వెడల్పు 3, లోతు 2.5. గోడలు లేచాయి, చుట్టూ మట్టి ఇంకా పూడ్చలేదు. వానకు తొట్టిలో నీళ్లు నిలిస్తే, పొద్దున్నే పూత పని ఉందని తోడించమన్నాను. "ఉండనీయండి సార్, మబ్బు పట్టింది" అన్నాడు మేస్త్రీ. వినలేదు.

రాత్రి పెద్ద వాన. చేలల్లోని నీరంతా గుంతలోకి దిగింది. నల్లరేగడిలో అది తొందరగా ఇంకదు కదా. తెల్లారేసరికి తొట్టి లేచి ఒక పక్కకు ఒరిగి ఉంది. అప్పుడు కాగితం తీశాను. నిండిన గుంతలో నీటి నెట్టు 30 టన్నులు, కాంక్రీటు బరువు సుమారు 17 టన్నులే. లోపలి నీళ్లు ఉండనిచ్చి ఉంటే కదిలేది కాదు. నేను కట్టించింది తొట్టి కాదు, పుట్టి!

తప్పు నాదేనని పై అధికారికి చెప్పాను. పగలగొట్టి మళ్లీ కట్టాం. ఆ మేస్త్రీకి మాత్రం ఆరోజు క్షమాపణ చెప్పలేకపోయాను. ఇప్పటికీ అది మనసులో ఉంది. బడికి పోని మనిషి నీళ్లను చూసి నేర్చుకున్నాడు. నేను మార్కుల కోసం నేర్చుకున్నాను.

పిల్లలారా, సూత్రం బట్టీ పట్టే ముందు ఒక బకెట్ నీళ్లు పెట్టుకోండి. ముందు ఊహించండి, తర్వాత వేసి చూడండి. ఊహ తప్పితే సిగ్గుపడకండి. ఇక్కడ తప్పితే పోయేది ఏమీ లేదు. తప్పడానికి ఇంతకంటే మంచి చోటు జీవితంలో మళ్లీ దొరకదు.

సెలవు.