రోమన్ సామ్రాజ్యంలో క్రైస్తవానికి రాజాదరణ



ఆదివారం మీ బడికీ కళాశాలకూ సెలవు. ఆదివారమంటే ఆదిత్యుడి వారం, సూర్యుడి రోజు. ఆ రోజున కోర్టులూ పట్టణాల్లోని పనులూ ఆపాలని క్రీ.శ. 321లో ఒక చట్టం వచ్చింది. చేసినవాడు రోమ్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్. ఆ సెలవు ఐరోపా అంతటా స్థిరపడి, ఆంగ్లేయుల పాలనతో మన దేశానికి వచ్చింది. చిత్రమేమిటంటే, ఆ చట్టంలో క్రీస్తు పేరు లేదు, సూర్యుడి పేరే ఉంది. రైతులకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. విత్తే అదను సెలవు కోసం ఆగదు కదా!

దీనికి సరిగ్గా 18 ఏళ్ల ముందు, 303లో, పరిస్థితి వేరు. డయోక్లీషియన్ చక్రవర్తి ఆజ్ఞతో చర్చిలను కూల్చారు, మతగ్రంథాలను తగలబెట్టారు. ఆనాడు సామ్రాజ్యంలో క్రైస్తవులు పదిమందిలో ఒకరు ఉండవచ్చునని పలువురు పరిశోధకుల అంచనా. అది జనాభా లెక్క కాదు, అంచనా మాత్రమే. హింసకు గట్టిగా కొమ్ముకాసిన గలేరియస్ చక్రవర్తే 311లో మరణశయ్య మీద దాన్ని ఆపేశాడు. తన క్షేమం కోసం, రాజ్యక్షేమం కోసం మీ దేవుణ్ణి ప్రార్థించండని క్రైస్తవులను కోరాడు. కాబట్టి వారికి మొదట ఊపిరి పీల్చుకోనిచ్చినవాడు కాన్‌స్టాంటైన్ కాదని గమనించండి.

312 అక్టోబరు 28న రోమ్ నగరం వెలుపల, తైబర్ నదిపై ఉన్న మిల్వియన్ వంతెన దగ్గర కాన్‌స్టాంటైన్ తన ప్రత్యర్థి మాక్సెంటియస్‌ను ఓడించాడు. ఈ విజయానికి ముందు అతనికి దైవసంకేతం కనిపించిందంటారు. లాక్టాంటియస్ అనే రచయిత ప్రకారం అది యుద్ధానికి ముందు రాత్రి వచ్చిన కల. బిషప్ యూసీబియస్ ప్రకారం పట్టపగలు ఆకాశంలో సూర్యుడిపైన కనిపించిన వెలుగు శిలువ. ఆ సంగతి చక్రవర్తే తనకు చెప్పాడని యూసీబియస్ అంటాడు గానీ, రాసింది మాత్రం 337లో చక్రవర్తి మరణించాక. సూర్యుడి చుట్టూ, చంద్రుడి చుట్టూ అప్పుడప్పుడూ కనిపించే వలయాన్ని మన పల్లెల్లో వరదగుడి అంటారు. ఎత్తున ఉండే పలుచని మబ్బుల్లోని మంచు స్ఫటికాల గుండా వెలుగు వంగడం వల్ల అది ఏర్పడుతుంది, ఒక్కోసారి శిలువ ఆకారమూ కనిపిస్తుంది. కాన్‌స్టాంటైన్ చూసింది అదేనని కొందరు చరిత్రకారులు అన్నారు. సైన్సు చెప్పేదాన్ని కనుక నాకూ ఆ వివరణ ముద్దుగానే ఉంటుంది. అయితే జరగడానికి వీలుందని చెప్పగలమే తప్ప, జరిగిందని చెప్పలేం.

అది రాజకీయపు ఎత్తు అనేవారూ ఉన్నారు. పదిమందిలో ఒకరు ఉన్న మతాన్ని, అదీ సైన్యంలో ఎక్కువమంది పాటించని మతాన్ని, కేవలం లాభం లెక్కవేసి ఎవరు పట్టుకుంటారు? నాకు ఆ వాదన బలంగా తోచదు.

313లో కాన్‌స్టాంటైన్, తూర్పు భాగాన్ని ఏలుతున్న లిసీనియస్ మిలాన్ నగరంలో కలిసి ఒక ఒప్పందానికి వచ్చారు. క్రైస్తవులే కాదు, ఎవరైనా తమకు నచ్చిన మతాన్ని పాటించవచ్చు. జప్తు చేసిన చర్చి ఆస్తులు తిరిగి ఇవ్వాలి. ఇది సహనం. ఆదరణ వేరే దారిలో వచ్చింది.

ఆ దారి పేరు మినహాయింపు. రోమన్ పట్టణాల్లో ఆస్తిపరులు పట్టణసభలో ఉండి పన్నులు వసూలు చేయాలి, తక్కువ పడితే సొంత డబ్బు వేయాలి. ఆ భారం నుంచి కాన్‌స్టాంటైన్ క్రైస్తవ గురువులను తప్పించాడు. ఇంకేముంది, ధనవంతులు గురువులయ్యేందుకు ఎగబడ్డారు! కొన్నేళ్లకే దాన్ని అడ్డుకోవడానికి మళ్లీ చట్టాలు చేయవలసి వచ్చింది. చర్చిలకు వీలునామాతో ఆస్తి రాసి ఇవ్వవచ్చన్నాడు. సివిల్ తగాదాలను బిషప్పుల ముందు పెట్టుకోనిచ్చాడు. ఖజానా డబ్బుతో రోమ్‌లో, జెరూసలేంలో పెద్ద చర్చిలు కట్టించాడు.

ఇక్కడే చిక్కు వచ్చింది. ఉత్తర ఆఫ్రికాలో రెండు వర్గాలు, ఒక్కొక్కటీ అసలు చర్చి మాదేనంది. మినహాయింపూ డబ్బూ ఎవరికి ఇవ్వాలి? ఇచ్చేది ప్రభుత్వం కనుక, అసలుది ఏదో తేల్చే పనీ ప్రభుత్వం మీదే పడింది. 314లో ఆర్ల్ నగరంలో బిషప్పుల సభ జరిగింది. ఓడిన డొనాటిస్టు వర్గం ఒప్పుకోలేదు. వారి చర్చిలను స్వాధీనం చేసుకోవడానికి బలప్రయోగం జరిగింది. మిలాన్ ఒప్పందం జరిగి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు. లాభం లేదని 321లో చక్రవర్తి వెనక్కి తగ్గాడు. 325లో, నేటి తుర్కియేలో ఉన్న నైసియాలో బిషప్పులను సమావేశపరిచాడు. క్రీస్తు దైవత్వం గురించి అరియస్ చేసిన బోధను ఆ సభ తోసిపుచ్చింది. చక్రవర్తి అతన్ని దేశాంతరం పంపాడు. ఈస్టర్ పండుగను అందరూ ఒకే ఆదివారం జరపాలని తీర్మానించిందీ ఆ సభే.

"కాన్‌స్టాంటైన్ క్రైస్తవాన్ని రాజమతం చేశాడు" అని పరీక్షల్లో రాసేస్తుంటారు. అది తప్పు. అతని నాణేల మీద సుమారు 325 వరకు సూర్యదేవుడు కనిపిస్తాడు. పాత మతానికి ప్రధాన పురోహితుడన్న బిరుదును అతను వదులుకోలేదు. బాప్తిస్మం తీసుకున్నది 337లో, చివరి రోజుల్లో. 361లో గద్దెనెక్కిన జూలియన్ పాత దేవతల వైపు తిరిగి, చర్చికిచ్చిన రాయితీలను వెనక్కి తీసుకున్నాడు కూడా. అతను రెండేళ్లు తిరక్కుండానే యుద్ధంలో మరణించాడు.

రోమ్, అలెగ్జాండ్రియా బిషప్పులు పాటించే విశ్వాసాన్నే ప్రజలందరూ పాటించాలన్న శాసనం 380లో థియోడోసియస్ కాలంలో వచ్చింది. దానికి ఒప్పుకోని క్రైస్తవులు కూడా నేరస్థులే అయ్యారు.

రోమ్ సెనేట్ భవనంలో విజయదేవత పూజావేదిక ఒకటి ఉండేది. 382లో దాన్ని తీసేశారు. తిరిగి పెట్టించమని 384లో నగరాధికారి సిమ్మాకస్ చక్రవర్తికి విజ్ఞప్తి పంపాడు. అంత గొప్ప సత్యాన్ని ఒకే దారిలో చేరుకోలేమన్నది అతని వాదన. అప్పుడు ఆస్థానం మిలాన్‌లో ఉండేది. ఆ నగర బిషప్ ఆంబ్రోస్ గట్టిగా అడ్డుపడ్డాడు, విజ్ఞప్తి తిరస్కరించారు. ఎవరి దేవుణ్ణి వారు కొలుచుకోవచ్చని 71 ఏళ్ల ముందు మాట ఇచ్చుకున్న నగరమే అది. బలులు ఇవ్వకూడదనీ, పాత ఆలయాల్లో అడుగు పెట్టకూడదనీ 391 ఫిబ్రవరిలో వచ్చిన చట్టమూ మిలాన్ నుంచే వెలువడింది.