అర్థమైందో లేదో ఎలా అడగాలి?

 

ఇలాంటి తెలుగు ఉపాధ్యాయుల సభల్లో అధ్యక్షులు సాహిత్యం గురించి మాట్లాడటం ఆనవాయితీ. సాహిత్యం పిల్లల దాకా చేరాలంటే అంతకుముందు జరగాల్సిన పని ఒకటుంది. ఇవాళ దాని గురించే మాట్లాడతాను. పిల్లవాడు చదివింది అర్థం చేసుకున్నాడా లేదా అన్నది మనకెలా తెలుస్తోంది? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనం పెడుతున్న పరీక్షల్లో చాలావరకు జ్ఞాపకశక్తినీ, పేరాలోని వాక్యాన్ని ఎత్తిరాసే నేర్పునూ కొలుస్తున్నాయి. అర్థగ్రహణాన్ని కొలవడం లేదు.

మన లిపి వల్ల ఈ సంగతి మరింత మరుగున పడుతోంది. తెలుగులో దాదాపు రాసినట్టే పలుకుతాం. గుణింతాలూ ఒత్తులూ పట్టుబడ్డ ఏడో తరగతి పిల్ల ఏ వ్యాసమిచ్చినా గడగడా చదివేస్తుంది. తనిఖీకి వచ్చినవారు శభాష్ అంటారు, మనం సంతోషపడతాం. అర్థం తెలియని మాట దగ్గర కూడా ఆ పిల్ల గొంతు తడబడదు కాబట్టి లోపం మన చెవికి అందదు. గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో చదవడాన్ని రెండు శక్తుల గుణకారంగా వివరించారు. అక్షరాలను మాటలుగా పలకగలగడం ఒకటి, భాషను వింటే అర్థం చేసుకోగలగడం రెండోది. వీటిలో ఏది సున్నా అయినా మొత్తం సున్నాయే. మనం మొదటిదాన్ని బాగానే పరీక్షిస్తున్నాం. రెండోది ఉందిలే అనుకుని ముందుకు పోతున్నాం.

దేశంలో జరిగే పెద్ద సర్వేలు కూడా ఈ విషయంలో మనకు ఇచ్చే సాయం కొంతే. ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వేలో ఎనిమిదో తరగతి పిల్లల చేత కూడా చదివించేది రెండో తరగతి స్థాయి పాఠాన్నే. అది కూడా చదవగలిగినవారు 2018లో నూటికి 73 మంది ఉంటే, 2022లో 69.6 మంది. ఈ అంకె బాధపెడుతుంది. కానీ చదవగలిగినవారి మాటేమిటి? వారికి ఏం అర్థమైందో ఆ పరీక్ష చెప్పదు. 2023లో అదే సంస్థ 14 నుంచి 18 ఏళ్ల వారికి ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీది సూచనలు చూపించి ప్రశ్నలడిగింది. మామూలు పాఠం చదవగలవారిలో కూడా నాలుగింట కనీసం మూడు ప్రశ్నలకు సరిగ్గా జవాబు చెప్పినవారు ఇంచుమించు మూడింట రెండు వంతుల మందే. ఇంట్లో పసిబిడ్డకు విరేచనాలైతే ఎన్ని నీళ్లలో కలపాలో, కలిపింది ఎంతసేపు వాడొచ్చో చదివి తెలుసుకోవాల్సిన వయసు పిల్లలు వాళ్లు. 2024 డిసెంబరు 4న 3, 6, 9 తరగతులకు పరఖ్ సర్వే జరిగింది. అలాంటివి రాష్ట్రం ఎక్కడుందో, జిల్లా ఎక్కడుందో చెబుతాయి. మన గదిలో మూడో బెంచీ మీద కూర్చున్న పిల్లాడి సంగతి మనమే కనుక్కోవాలి.

ఇక మన ప్రశ్నపత్రాల దగ్గరికి వద్దాం. పాఠ్యపుస్తకంలో ‘అవగాహన – ప్రతిస్పందన’ అని పెద్దక్షరాలతో శీర్షిక ఉంది. అపరిచిత గద్యం ఉంది. రూపకల్పన చేసినవారి ఉద్దేశం మంచిదే. అయితే పద్యానికి తాత్పర్యం గైడులో దొరుకుతోంది, అపరిచిత గద్యం కింది ప్రశ్నలకు జవాబు పేరాలో వరస క్రమంలో దొరుకుతోంది. ప్రశ్నలో చివరి మాట ఏ వాక్యంలో ఉందో వెతికి, ఆ వాక్యం దించేస్తే పూర్తి మార్కులు.

ఇది రుజువు చేయడానికి పూతరేకుల మీద నాలుగు వాక్యాలు రాసి తెచ్చాను. వినండి.

‘మంగమ్మ తెల్లవారకుండానే పొయ్యి రాజేసి కుండ బోర్లించింది. పదింటికల్లా రెండు వందల రేకులు తీసింది. అంతలో జల్లు పడి, దొడ్లో ఉన్న కొబ్బరాకు తడిసిపోయింది. సాయంత్రం షాపు కుర్రాడు వచ్చేసరికి అతని డబ్బా సగం కూడా నిండలేదు.’

మంగమ్మ ఎన్ని రేకులు తీసింది అని అడిగితే క్లాసంతా చేతులెత్తుతుంది. డబ్బా ఎందుకు నిండలేదు అని అడగండి. ఆ జవాబు ఏ వాక్యంలోనూ లేదు. ఆకు తడిస్తే మంట రాదు, మంట లేకపోతే కుండకు వేడి చాలదు, వేడి చాలకపోతే పలచని బియ్యప్పిండి జారు రేకు కట్టదు. పిల్లలే ఈ మూడు మెట్లూ కట్టుకోవాలి. ఇప్పుడు రాగల తప్పు జవాబులు చూడండి. ‘వాన పడింది కాబట్టి’ అన్న పిల్లవాడు కారణం దగ్గరకొచ్చి ఆగాడు, ఇంకొక్క ప్రశ్న వేస్తే మిగతాది చెప్పేస్తాడు. ‘రేకులు తడిసిపోయాయి’ అన్న పిల్ల తడిసింది ఏమిటో సరిగ్గా పట్టుకోలేదు, వాక్యంలో కర్తను గుర్తించడం ఆమెకు నేర్పాలి. ‘షాపు కుర్రాడు ఆలస్యంగా వచ్చాడు’ అని రాసినవాడు ప్రశ్నకు దగ్గరగా కనిపించిన వాక్యం మీద చెయ్యి వేశాడు, అసలు చదవనే లేదు. ముగ్గురికీ సున్నా వేసి, పేపర్లు కట్టగట్టి బీరువాలో పెడితే మనకు దక్కింది ఏమీ లేదు. ఆ ముగ్గురికీ రేపు చెప్పాల్సిన పాఠాలు మూడు. పరీక్ష పెట్టింది అవి తెలుసుకోవడానికే కదా!

ఇక్కడే ఇంకో సంగతి గమనించాలి. ఈ పేరా మన ఆత్రేయపురం పిల్లలకు సులువు. పూతరేకుల కుండ కింద కొబ్బరాకు మండటం వాళ్లు రోజూ చూస్తారు. ఇదే పేరా హైదరాబాదు అపార్ట్‌మెంట్లో పెరిగిన పిల్లకిస్తే, ఎంత చురుకైనదైనా, తడిసిన ఆకుకూ డబ్బాకూ సంబంధం అందకపోవచ్చు. మెట్రో రైలు మారడం గురించి పేరా ఇస్తే ఇబ్బంది మన పిల్లలది. అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు 1988లో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు 64 మందితో దీన్నే పరీక్షించారు. బేస్‌బాల్ ఆట మీద ఒక కథనం చదివించి, మైదానం నమూనా మీద బొమ్మలను జరుపుతూ ఆ ఆటను చూపించమన్నారు. చదవడంలో వెనకబడినా ఆట తెలిసినవారు, చదవడంలో ముందుండి ఆట తెలియనివారి కన్నా బాగా చేశారు. కాబట్టి ఒకే పేరాతో ఒక బిడ్డ మీద ముద్ర వేయడం అన్యాయం. తెలిసిన లోకం మీద ఒకటి, తెలియని లోకం మీద ఒకటి ఇచ్చి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. బొమ్మలు జరిపించినట్టే, మనం బొమ్మ గీయించవచ్చు, చేసి చూపించమనవచ్చు, నోటితో చెప్పించవచ్చు.

నోటితో అన్నాను కనుక భాష మాట ఎత్తక తప్పదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ జె.ఎ. యేట్స్ ఉత్తర సర్కారుల్లోని బడులు చూస్తూ, జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత దూరమెందుకని అడిగాడు. ఆ ప్రశ్నను పట్టుకుని గిడుగు రామమూర్తి పంతులుగారు తన శేష జీవితమంతా పోరాడారు. 1919లో రాజమహేంద్రవరంలో వ్యావహారిక భాష కోసం సమాజం పెడితే, అప్పటికి డెబ్బై దాటిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు దానికి అధ్యక్షులయ్యారు. వందేళ్లు దాటాయి. ఇవాళ మన పిల్ల ‘ఆకు తడిసిపోయింది గదండీ, ఇంక మంటెక్కడ్నుంచొస్తదండీ’ అని రాస్తే కొందరు మార్కు కోస్తున్నారు. ఆ పిల్లకు పూర్తిగా అర్థమైంది! అర్థానికి వేసే మార్కు వేరు, రాతకు వేసే మార్కు వేరు. రెండూ ఒకే ఎర్ర గీతలో కలిపేస్తే ఏది వచ్చో ఏది రాదో ఎవరికీ తెలియదు.

ఖాళీలు పూరించే క్లోజ్ పరీక్ష గురించి కూడా ఒక మాట. టేలర్ 1953లో ఇంగ్లిషు కోసం దాన్ని తయారుచేశాడు. సాధారణంగా ప్రతి ఐదో మాటా తీసేస్తారు. తెలుగులో అదే లెక్క పాటిస్తే చెల్లదు. మన క్రియ ఒక్కటే కాలాన్నీ, కర్తనూ, కాదన్న మాటనూ మోస్తుంది. అది పోతే పెద్దలకే వాక్యం అందదు. ఏ మాట తీయాలో ఉపాధ్యాయుడే ఎంచుకోవాలి.

ప్రశ్నపత్రాలు తయారుచేసేవారు ఈ సభలో ఉన్నారు. వారికి నా విన్నపం ఇది. వచ్చే సమ్మెటివ్ అసెస్‌మెంట్ (ఎస్‌ఏ) పేపర్లో అపరిచిత గద్యం కింద సగం ప్రశ్నలైనా రెండు వాక్యాలు కలుపుకుంటే తప్ప జవాబు రానివి పెట్టండి. దిద్దేటప్పుడు వాడే సూచనల్లో ‘సొంత మాటల్లో రాసినా పూర్తి మార్కు’ అని స్పష్టంగా రాయండి. తరగతి ఉపాధ్యాయులు నెలకు ఐదారుగురిని దగ్గర కూర్చోబెట్టుకుని, చదివింది చెప్పించుకుని, తప్పు జవాబును ఆ పిల్లల మాటల్లోనే నోటుబుక్కులో రాసుకోండి. అరవై మంది ఉన్న గదిలో ఇది కష్టమని నాకు తెలుసు. అందుకే అందరినీ ఒకేసారి అనడం లేదు. భోజనాల తరవాతి సమావేశంలో ప్రతి బడి నుంచీ ఒక పేరా, నాలుగు ప్రశ్నలు తయారుచేసి చదవండి. వాటిని మనమే ఒకరివి ఒకరం దిద్దుదాం.